క్యాపబ్లాంకాను ఓడించి ఊరికి తిరిగెళ్లిన సుల్తాన్ ఖాన్

చెస్ ఆడే పిల్లలున్న ఏ తెలుగింట్లోనైనా ఇప్పుడు గుకేశ్, అర్జున్, హంపి, హరిక, హరికృష్ణ పేర్లు చుట్టాల పేర్లలాగే దొర్లుతుంటాయి. వాళ్లకంటే ముందు ఎవరంటే విశ్వనాథన్ ఆనంద్ అని టక్కున చెబుతారు. ఆనంద్ కంటే ముందు ఎవరని అడిగితే మాత్రం పెద్దవాళ్లు కూడా కాస్త తడుముకుంటారు.

ఆనంద్ పుట్టింది 1969లో. అందుకు నలభై ఏళ్ల ముందు, 1929లో, అవిభక్త భారతదేశంలోని పంజాబ్ నుంచి ఒక యువకుడు లండన్ వెళ్లాడు. ఇంగ్లీషు సరిగా రాదు. అంతర్జాతీయ నియమాలతో చెస్ ఆడటం మొదలుపెట్టి ఎంతో కాలం కాలేదు. అలాంటి మనిషి ఆ వేసవిలోనే బ్రిటిష్ ఛాంపియన్ అయ్యాడు. నాలుగుసార్లు ఆ పోటీలో దిగి మూడుసార్లు గెలిచాడు. మాజీ ప్రపంచ ఛాంపియన్ క్యాపబ్లాంకాను ఓడించాడు. ప్రపంచంలోని తొలి పదిమంది ఆటగాళ్లలో ఒకడిగా లెక్కకొచ్చాడు. 1933 డిసెంబర్‌లో ఇంటికి వెళ్లిపోయాడు. మళ్లీ యూరప్ వైపు రాలేదు.

ఆయన పేరు మీర్ సుల్తాన్ ఖాన్. పరాయి దేశంలో పేరు తెచ్చుకోవడం అంటే ఏమిటో, ఆ పేరు చివరికి ఎవరి చేతిలో ఉంటుందో ఆలోచించాల్సి వచ్చినప్పుడల్లా గుర్తు చేసుకోదగ్గ జీవితం ఆయనది.

మిఠా టివానా కుర్రాడు

సుల్తాన్ ఖాన్ పుట్టిన ఊరు మిఠా టివానా. పంజాబ్‌లో ఖుషాబ్ దగ్గర, నేటి పాకిస్తాన్‌లో ఉంది. పుట్టిన సంవత్సరం 1903 అని కొందరు, 1905 అని కొందరు రాశారు. అవాన్ కుటుంబం. తండ్రి మియాన్ నిజాముద్దీన్‌కు చదరంగం బాగా వచ్చు. తొమ్మిదేళ్ల వయసులో కొడుక్కి ఆట నేర్పింది ఆయనే. ఇరవై ఒక్క ఏళ్లు వచ్చేసరికి పంజాబ్‌లో ఈ కుర్రాడిని మించిన ఆటగాడు లేడనే పేరొచ్చింది.

ఆ రోజుల్లో పల్లెటూరి ఆటగాడు ఎంత గొప్పవాడైనా, ఆట అన్నం పెట్టేది కాదు. ఎవరో ఒక పెద్దాయన అండ కావాలి. సుల్తాన్ ఖాన్‌కు అలా దొరికిన అండ సర్ ఉమర్ హయాత్ ఖాన్ టివానా. పెద్ద జమీందారు, సైన్యంలో హోదా ఉన్నవాడు, బ్రిటిష్ ప్రభుత్వానికి బాగా దగ్గరివాడు. 1911 ఢిల్లీ దర్బారులో ప్రకటన చదివే బాధ్యతల్లో పాలు పంచుకున్న మనిషి. అవిభక్త పంజాబ్‌కు చివరి ప్రధానిగా పనిచేసిన ఖిజర్ హయాత్ ఖాన్ ఈయన కొడుకే. సర్ ఉమర్‌కు చెస్ అంటే పిచ్చి. సుల్తాన్ ఖాన్‌కు తిండి, వసతి, నెలకింత అని భత్యం ఏర్పాటు చేసి తన దగ్గర పెట్టుకున్నారు. యూరప్ నియమాలు నేర్పించారు.

ఇక్కడ ఆ నియమాల సంగతి కొంచెం చెప్పుకోవాలి. సుల్తాన్ ఖాన్ చిన్నప్పుడు నేర్చుకున్న ఆటా, ఇప్పుడు మన పిల్లలు ఆన్‌లైన్‌లో ఆడే ఆటా పూర్తిగా ఒకటి కాదు. మన దేశంలో ప్రాంతానికో పద్ధతి ఉండేది. సాధారణంగా బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే నడిచేది, రెండు గడులు దూకడం లేదు. ఇప్పటి క్యాస్లింగ్ లేదు. దాని బదులు రాజు ఆటలో ఒక్కసారి గుర్రంలా గెంతవచ్చు. బంటు చివరి వరుసకు చేరితే ఇష్టమొచ్చినట్టు మంత్రి అయిపోదు, చాలాచోట్ల ఏ వరుసలో చేరితే ఆ వరుస తాలూకు బలగంగానే మారేది. మన ఊళ్లలో అరుగుల మీద తాతలు ఆడిన ఆట గుర్తున్నవాళ్లకు ఇందులో కొన్ని కొత్తగా అనిపించవు.

ఈ తేడాల వల్ల ఆట స్వభావమే మారిపోతుంది. బంట్లు మెల్లగా నడుస్తాయి కాబట్టి రెండు సైన్యాలు ఎదురుపడటానికి చాలాసేపు పడుతుంది. మొదట్లో హడావుడి ఉండదు. మోహరించడం, కాచుకోవడం, ఓపిగ్గా ఒత్తిడి పెంచడం ముఖ్యం. సుల్తాన్ ఖాన్ చేతికి అలవాటైంది ఆ ఆట. యూరప్ వాళ్లు ఓపెనింగులను పుస్తకాల్లో పదిహేను ఎత్తుల దాకా చదువుకుని వచ్చేవాళ్లు. ఈయనకు ఆ పుస్తకాల పరిచయం తక్కువ. అందుకే ఆయన మొదటి ఎత్తుల్లో తరచుగా వెనకబడేవారు. మధ్యాట, ముగింపు ఆట వచ్చేసరికి లెక్క తిరగబడేది.

1928లో అఖిల భారత ఛాంపియన్‌షిప్ జరిగింది. తొమ్మిది ఆటల్లో ఎనిమిది గెలిచి ఒకటి డ్రా చేసుకున్నారు సుల్తాన్ ఖాన్. సర్ ఉమర్ ఇక ఆలస్యం చేయలేదు.

లండన్‌లో మొదటి వేసవి

1929 ఏప్రిల్‌లో సర్ ఉమర్ లండన్ వస్తూ సుల్తాన్ ఖాన్‌ను వెంటబెట్టుకొచ్చారు. భారత వ్యవహారాల మంత్రికి సలహాలిచ్చే కౌన్సిల్‌లో సర్ ఉమర్ సభ్యులు. అంటే ఆయన లండన్‌లో ఉన్నంతకాలమే సుల్తాన్ ఖాన్‌కూ లండన్. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకుంటే తర్వాత కథంతా అర్థమవుతుంది.

బ్రిటిష్ ఛాంపియన్‌షిప్‌కు ముందు అలవాటు కోసమని ఆయనతో ఒక చిన్న టోర్నమెంట్ ఆడించారు. అందులో చివరి స్థానాల్లో నిలిచారు. ఓపెనింగులు ఏమాత్రం తెలియవని అందరికీ అర్థమైపోయింది. ఇంగ్లాండ్ ఆటగాళ్లు విలియం వింటర్, ఫ్రెడ్ యేట్స్ ఇద్దరూ ముందుకొచ్చి ఆయనకు కొంత తర్ఫీదు ఇచ్చారు. అంతా కలిపి కొన్ని వారాలు. ఆగస్టులో సముద్రం ఒడ్డున ఉన్న రామ్స్‌గేట్‌లో ఛాంపియన్‌షిప్ ముగిసేసరికి కప్పు ఈ పంజాబీ చేతిలో ఉంది.

అక్కడి వాతావరణం ఆయనకు అస్సలు పడలేదు. మలేరియా తిరగబెట్టడం, జలుబు, ఫ్లూ, గొంతునొప్పి ఒకదాని తర్వాత ఒకటి. మెడ చుట్టూ గుడ్డ చుట్టుకుని బోర్డు ముందుకొచ్చి కూర్చున్న రోజులు చాలా ఉన్నాయి. మొహంలో ఏ భావమూ కనిపించేది కాదని ఎదురుగా కూర్చున్నవాళ్లు చెప్పేవారు. మాట కలపాలంటే మధ్యలో దుబాసీ కావాలి. మొదటి శీతాకాలం సగంలో ఉండగానే, 1929 నవంబర్‌లో, సర్ ఉమర్‌తో పాటు ఇండియా వెళ్లి, 1930 మే నెలలో తిరిగొచ్చారు.

ఆ తర్వాత జరిగింది మామూలు పరుగు కాదు. 1930లో హాంబర్గ్ ఒలింపియాడ్‌లో ఇంగ్లాండ్ జట్టుకు మొదటి బోర్డు ఆయనదే. బెల్జియంలోని లియేజ్ టోర్నమెంట్‌లో టార్టకోవర్ వెనక రెండో స్థానం. ఆ తర్వాత టార్టకోవర్‌తోనే 12 ఆటల మ్యాచ్ ఆడి 6.5–5.5తో గెలిచారు. 1931లో ప్రాగ్ ఒలింపియాడ్‌లో రూబిన్‌స్టైన్‌ను, ఫ్లోర్‌ను ఓడించారు, అప్పటి ప్రపంచ ఛాంపియన్ అలెఖిన్‌తో డ్రా చేసుకున్నారు. 1932 లండన్ టోర్నమెంట్‌లో అలెఖిన్, ఫ్లోర్ తర్వాత అమెరికన్ కాష్‌డాన్‌తో కలిసి మూడో స్థానం. 1932లో, 1933లో మళ్లీ బ్రిటిష్ ఛాంపియన్.

వీటన్నిటి మధ్య ఒక్క ఆట మాత్రం ఈనాటికీ చెస్ పుస్తకాల్లో తిరుగుతూనే ఉంది.

‘ఇండియన్’ అని పేరున్న ఓపెనింగ్

ఆ ఆటకు ముందు దాని ఓపెనింగ్ గురించి రెండు మాటలు. దాని పేరు క్వీన్స్ ఇండియన్ డిఫెన్స్. తెల్లవాడు మంత్రి ముందున్న బంటును రెండు గడులు తోస్తాడు. నల్లవాడు అదే పని చేసి ఎదురు నిలబడకుండా, గుర్రాన్ని బయటికి తెచ్చి, మంత్రి వైపు బంటును ఒక్క గడి జరిపి, ఆ సందులో శకటును పక్కగా కూర్చోబెడతాడు. బోర్డు మధ్యభాగాన్ని బంట్లతో ఆక్రమించకుండా, దూరం నుంచి శకటు చూపుతో అదుపు చేయడం ఇందులోని కిటుకు. 20వ శతాబ్దం మొదట్లో నిమ్జోవిచ్ లాంటివాళ్లు దీన్ని యూరప్‌లో గట్టిగా నిలబెట్టారు.

మరి ‘ఇండియన్’ అన్న పేరు ఎక్కడిది? 19వ శతాబ్దం మధ్యలో కలకత్తాలో జాన్ కాక్రేన్ అనే స్కాటిష్ బారిస్టర్ ఉండేవాడు. మంచి ఆటగాడు. ఆయనకు దీటుగా ఆడిన బెంగాలీ మహేశ్‌చంద్ర బెనర్జీ. ఇద్దరూ వందల ఆటలు ఆడారు. కాక్రేన్ వాటిని రాసిపెట్టాడు. బెనర్జీ ఆటలో బంట్లు ఒక్కో గడే కదులుతాయి, శకట్లు పక్కనుంచి కాపు కాస్తాయి. బంటుకు ఒక్క గడే అనే మన పాత నియమం నుంచే ఆ అలవాటు వచ్చి ఉంటుందని చెస్ చరిత్ర రాసినవాళ్లు అంటారు. అప్పట్లో యూరప్ వాళ్లకు అది వింతగా తోచింది. తర్వాత డెబ్భై ఏళ్లకు అదే ఆధునికం అయింది. పేరులో మాత్రం ఇండియా మిగిలింది.

హేస్టింగ్స్‌లో 65 ఎత్తులు

ఇంగ్లాండ్ దక్షిణ తీరంలో హేస్టింగ్స్ అనే ఊరు. అక్కడ క్రిస్మస్ సెలవుల్లో జరిగే చెస్ పండుగకు ప్రపంచమంతా పేరుంది. 1930–31 టోర్నమెంట్‌కు క్యాపబ్లాంకా వచ్చారు. క్యూబా దేశస్థుడు, 1921 నుంచి 1927 దాకా ప్రపంచ ఛాంపియన్. 1916 నుంచి 1924 దాకా ఎనిమిదేళ్లపాటు పోటీల్లో ఒక్క ఆట కూడా ఓడని మనిషి. ఆయన ఓడిపోతే అది వార్త.

సుల్తాన్ ఖాన్‌కు తెల్లపావులు. క్యాపబ్లాంకా నల్లపావులతో క్వీన్స్ ఇండియన్ ఎంచుకున్నారు. భారతీయుడి ఎదుట క్యూబా మనిషి ఇండియన్ ఓపెనింగ్ ఆడాడన్నమాట. సుల్తాన్ ఖాన్ ఐదో ఎత్తులో ఎడమ చివరి బంటును ఒక్క గడి ముందుకు జరిపారు. చెస్ భాషలో ఏ3. చూడటానికి పనిలేక ఆడిన ఎత్తులా ఉంటుంది. కానీ దానివల్ల నల్ల శకటు వచ్చి తెల్ల గుర్రాన్ని కట్టిపడేసే దారి మూసుకుపోతుంది. ఇదే పద్ధతిని తర్వాత టిగ్రాన్ పెట్రోసియన్ బాగా వాడారు, ఆయన పేరే దానికి స్థిరపడింది. 1980లలో కాస్పరోవ్ చేతిలో అది పదునైన ఆయుధమైంది. హేస్టింగ్స్‌లో ఈ ఆట జరిగేనాటికి పెట్రోసియన్ వయసు ఏడాదిన్నర. బంటును ఒక్క గడి జరపడం అనేది మిఠా టివానాలో పెరిగిన చేతికి ఎంత సహజంగా వచ్చి ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఆట ముందుకు సాగింది. 12వ ఎత్తులో తెల్ల గుర్రం ఎగిరి వెళ్లి, తర్వాతి ఎత్తులో నల్ల శకటును పట్టేసింది. దాంతో నల్లవాడి బంట్లు ఒకే వరుసలో ఒకదాని వెనక ఒకటి పడ్డాయి. అందరూ చేసే క్యాస్లింగ్ సుల్తాన్ ఖాన్ చేయలేదు. రాజును మధ్యలోనే ఉంచి, కుడివైపు బంట్లను ముందుకు తోస్తూ పోయారు. క్యాపబ్లాంకా ఆ మధ్యలో ఉన్న రాజు మీదే కన్నేసి, రెండు ఏనుగులనూ ఖాళీగా ఉన్న నిలువు వరుసలో ఒకదాని వెనక ఒకటి నిలబెట్టారు.

21వ ఎత్తులో తెల్ల శకటు వచ్చి వెనక ఉన్న ఏనుగు మీద గురిపెట్టింది. క్యాపబ్లాంకా ఒక ఏనుగును తెల్లవాడి కోట చివరి వరుసదాకా దూకించి చెక్ చెప్పారు. సుల్తాన్ ఖాన్ దాన్ని పట్టుకోలేదు, రాజును ఒక గడి పైకి జరిపారు. రెండో ఏనుగు కూడా వచ్చి మళ్లీ చెక్ చెప్పింది. అప్పుడు సుల్తాన్ ఖాన్ తన మంత్రినే ఇచ్చేసి, రెండు ఏనుగులనూ తీసేసుకున్నారు.

బోర్డు మీద లెక్క ఇప్పుడు ఇలా ఉంది: నల్లవాడికి మంత్రి ఉంది, తెల్లవాడికి దాని బదులు రెండు ఏనుగులు. కాగితం మీద దాదాపు సమానం. మంత్రి ఎటైనా పోగలదు, అల్లరి చేయగలదు. రెండు ఏనుగులు ఒకదానికొకటి తోడుంటే గట్టి గోడ. సుల్తాన్ ఖాన్ ముందు మంత్రి అల్లరిని ఆపారు. రాజును కాపాడుకున్నారు. ఏనుగులను ఒక్కో గడికి తెచ్చుకున్నారు. మెరుపు దాడి ఏమీ లేదు. మంత్రికి వెళ్లడానికి చోట్లు ఒక్కొక్కటే తగ్గుతూ పోయాయి. ముగింపు ఆటలో ప్రపంచంలోనే మొనగాడని పేరున్న క్యాపబ్లాంకా అలాంటి ముగింపులోనే నలిగిపోయి, 65వ ఎత్తు దగ్గర ఓటమి ఒప్పుకున్నారు.

ఆ టోర్నమెంట్‌లో క్యాపబ్లాంకా ఓడిన ఒకే ఒక్క ఆట అది. డచ్ ఆటగాడు మాక్స్ యూవే మొదటి స్థానం, క్యాపబ్లాంకా అరపాయింటు తక్కువతో రెండు, సుల్తాన్ ఖాన్ మరో అరపాయింటు తక్కువతో మూడు. తర్వాతి కాలంలో క్యాపబ్లాంకా సుల్తాన్ ఖాన్ ప్రస్తావన వచ్చినప్పుడు ఆయన్ని మేధావిగానే లెక్కగట్టారు. ఆ మాటను ఆటగాళ్ల విషయంలో తేలిగ్గా వాడే మనిషి కాదాయన.

అదే నెలల్లో లండన్‌లో

ఈ ఆట జరిగిన రోజులు ఎలాంటివో చూడండి. 1930 నవంబర్ నుంచి 1931 జనవరి దాకా లండన్‌లో మొదటి రౌండ్ టేబుల్ సమావేశం జరిగింది. భారతదేశానికి ఎంత స్వపరిపాలన ఇవ్వచ్చు అన్నది అక్కడ చర్చ. దేశంలో ఉప్పు సత్యాగ్రహం జరిగిన ఏడాది అది. గాంధీజీ జైల్లో ఉన్నారు, కాంగ్రెస్ ఆ సమావేశానికి వెళ్లలేదు. భారతీయులు తమను తాము పాలించుకోగలరా అని పెద్దమనుషులు బల్ల చుట్టూ కూర్చుని మాట్లాడుకుంటున్న వారాల్లోనే, ఒక భారతీయుడు వేరే బల్ల ముందు కూర్చుని ఇంగ్లాండ్ తరఫున ప్రపంచ మేటి ఆటగాళ్లతో తలపడుతున్నాడు.

సుల్తాన్ ఖాన్ దీని గురించి ఏమనుకున్నారో రాసిపెట్టలేదు. ఆయన్ని తీసుకొచ్చిన సర్ ఉమర్ మాత్రం స్వాతంత్ర్య ఉద్యమం వైపు మనిషి కాదు, బ్రిటిష్ పాలనకు గట్టి మద్దతుదారు. కాబట్టి ఈ విజయాలను సామ్రాజ్యం గొప్పగా చెప్పుకోవాలనుకుంటే చెప్పుకోవచ్చు, ఉద్యమం గర్వపడాలనుకుంటే గర్వపడవచ్చు. మధ్యలో ఉన్న మనిషిని ఎవరూ అడగలేదు.

ఫాతిమా గెలిచిన కప్పు

సర్ ఉమర్ ఇంట్లో చెస్ నేర్చుకున్నది సుల్తాన్ ఖాన్ ఒక్కరే కాదు. అదే ఇంట్లో ఉన్న ఫాతిమా అనే యువతి 1933లో బ్రిటిష్ మహిళల ఛాంపియన్‌షిప్ గెలిచింది. పది ఆటలు గెలిచి, ఒకటి డ్రా చేసుకుని, రెండో స్థానంలో ఉన్నవారికంటే మూడు పాయింట్లు ముందు నిలిచింది. ఆ ఏడాది హేస్టింగ్స్‌లో రెండు కప్పులూ ఒకే ఇంటికి వెళ్లాయి.

ఇక్కడ మన తెలుగువాళ్లకు ఒక చుట్టరికం ఉంది. ఫాతిమా గెలిచిన ఆ టైటిల్‌నే గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2000లో, మళ్లీ 2002లో గెలిచింది. మొదటిసారి గెలిచేనాటికి హంపికి పదమూడేళ్లు. హంపి పేరు మనకు తెలుసు. ఫాతిమా పేరు చెస్ చరిత్ర చదివేవాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. ఇద్దరి మధ్య ఉన్న పెద్ద తేడా ప్రతిభలో వెతకనక్కర్లేదు. హంపికి తండ్రి అశోక్ గారే గురువు. ఆట కోసం ఆయన ఉద్యోగం వదిలి కూతురి వెంట తిరిగారు. ఏ పోటీకి వెళ్లాలి, ఎప్పుడు తిరిగి రావాలి అన్నది ఆ ఇంటి నిర్ణయం. ఫాతిమాకు ఆ వీలు లేదు.

తిరుగు ప్రయాణం

1933 డిసెంబర్‌లో లండన్‌లో సర్ ఉమర్ పని ముగిసే దశకు వచ్చింది. ఆయన ఇండియా బయల్దేరారు. సుల్తాన్ ఖాన్ కూడా బయల్దేరారు. అంతే. మూడుసార్లు బ్రిటిష్ ఛాంపియన్, మూడు ఒలింపియాడ్‌లలో మొదటి బోర్డు, ప్రపంచ ఛాంపియన్‌షిప్ దిశగా నడుస్తున్న ఆటగాడు సుమారు ముప్పై ఏళ్ల వయసులో ఆట బల్ల దగ్గర్నుంచి లేచి వెళ్లిపోయారు.

1935లో ఇండియాలో ఖాడిల్కర్‌తో పది ఆటల మ్యాచ్ ఆడి 9.5–0.5తో గెలిచారు. ఆ తర్వాత పోటీల్లో ఆయన పేరు కనిపించదు. 1944లో సర్ ఉమర్ చనిపోయారు. 1947లో దేశం రెండు ముక్కలై, సుల్తాన్ ఖాన్ ఊరు పాకిస్తాన్‌లోకి వెళ్లింది. ఆయన భూమి చూసుకుంటూ, ఐదుగురు కొడుకులు, ఆరుగురు కూతుళ్లతో సంసారం చేసుకుంటూ బతికారు. 1966 ఏప్రిల్ 25న సర్గోధాలో క్షయ వ్యాధితో కన్నుమూశారు. పిల్లలకు చెస్ నేర్పడానికి ఆయన ఇష్టపడలేదని, జీవితంలో ఇంకేదైనా ఉపయోగపడే పని చేయమని చెప్పేవారని కుటుంబం చెప్పింది.

విదేశంలో ఉన్న తెలుగువాళ్లకు ‘స్పాన్సర్’ అనే మాట అర్థం ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకు కంపెనీ ఉత్తరం, గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు కఫీల్ సంతకం ఎంత బరువైనవో తెలుసు. ఒకరి టికెట్ మీద వచ్చినవాళ్లు వాళ్లు వెళ్లమన్న రోజున వెళ్లాలి. సుల్తాన్ ఖాన్ కాలంలో వీసా నియమాలు వేరు, జమీందారీ సంబంధాలు వేరు. అయినా ఒకరి ఇష్టంతో తెరుచుకున్న తలుపు వాళ్ల అవసరంతోనే మూసుకుపోవడం మనకు కొత్త సంగతి కాదు.

అలాగని ఆయన కన్నీళ్లు పెట్టుకుంటూ వెళ్లారని అనుకోవడానికీ లేదు. ఆ చలి దేశం వదిలి పంజాబ్ చేరాక ఆయనకు జైలు నుంచి బయటపడినట్టు అనిపించిందని చాలా ఏళ్ల తర్వాత ఫాతిమా చెప్పింది. మనకు నష్టంగా కనిపించిన తిరుగు ప్రయాణం ఆయనకు విడుదల. పరాయి దేశంలో విజయమే జీవిత ధ్యేయం అనుకునే మన లెక్కకు ఇది ఒక పట్టాన అందదు. పోటీలు, పేరు, చలి, జ్వరాలు, అర్థంకాని భాష ఒకవైపు. సొంత ఊరు, సొంత మాట, సొంత మనుషులు ఒకవైపు. ఆయన ఏది ఎంచుకునేవారో తెలియాలంటే అసలు ఎంచుకునే వీలుండాలి కదా. బాధ అక్కడుంది.

నౌకరా, కాదా?

సుల్తాన్ ఖాన్ గురించి ఎక్కువగా చెప్పే ముచ్చట అమెరికన్ గ్రాండ్‌మాస్టర్ రూబెన్ ఫైన్ రాసింది. 1933లో ఫోక్‌స్టన్ ఒలింపియాడ్ సమయంలో అమెరికా జట్టును సర్ ఉమర్ విందుకు పిలిచారు. అక్కడ తమకు వడ్డించడానికి వచ్చిన మనిషి సుల్తాన్ ఖానే అని చూసి అమెరికన్లు ఇబ్బంది పడ్డారు. తమతో సమానంగా, మొదటి బోర్డు మీద ఆడే మనిషి చేత వడ్డన చేయించుకోవడం వాళ్లకు మింగుడుపడలేదు.

ఈ ముచ్చట తరాలుగా తిరిగింది. దాంతో పాటు చదువురాని నౌకరు అనే ముద్ర కూడా స్థిరపడింది. 2020లో బ్రిటిష్ గ్రాండ్‌మాస్టర్ డేనియల్ కింగ్ రాసిన జీవిత చరిత్రకు పెట్టిన పేరులోనే భారతీయ సేవకుడు అనే మాట ఉంది. పుస్తకం ఆటల విషయంలో ఎంతో శ్రద్ధగా రాసినదే. కానీ సుల్తాన్ ఖాన్ కుటుంబం దీన్ని బహిరంగంగా తప్పుపట్టింది. తమది భూమి ఉన్న, గౌరవం ఉన్న కుటుంబమని, ఆయన నౌకరు కాదని, నిరక్షరాస్యుడు అసలే కాదని వాళ్ల వాదన. ఇంగ్లీషు రాకపోవడాన్ని చదువు రాకపోవడంగా రాసేశారన్నది వాళ్ల బాధలోని ముఖ్యమైన అంశం.

ఈ చివరి మాట మనకూ తగులుతుంది. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు ఇక్కడి ఆసుపత్రి కౌంటర్ దగ్గరో, ఎయిర్‌పోర్టులోనో ఇంగ్లీషులో తడబడితే, అవతలివాళ్లు వెంటనే గొంతు పెంచి, చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్పడం చాలామంది చూసే ఉంటారు. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పిన మాస్టారు కూడా ఆ క్షణంలో ఏమీ తెలియనివారైపోతారు. సుల్తాన్ ఖాన్‌కు జరిగింది అదే అయితే, ఆ ముద్ర ఆయన పోయాక కూడా వదల్లేదు.

కుటుంబం చెప్పేది కొట్టిపారేయలేం. పంజాబ్ పెద్దింట్లో అతిథులకు ఇంటి మనుషులే వడ్డించడం మర్యాద, అది బయటివాళ్లకు నౌకరీలా కనిపించి ఉండొచ్చు. అలాగని ఆధారపడటం లేదనీ చెప్పలేం. ఆయన రాకపోకలు సర్ ఉమర్ రాకపోకలతో ముడిపడి ఉన్నాయన్నది తేదీలే చెబుతాయి. జీతగాడు అన్నా, ఇంటి మనిషి అన్నా, ఓడ టికెట్ మాత్రం ఇంకొకరి చేతిలోనే ఉంది.

ఆలస్యంగా అందిన బిరుదు

1950లో ప్రపంచ చెస్ సమాఖ్య ఫిడే మొదటిసారి అధికారికంగా గ్రాండ్‌మాస్టర్ బిరుదులు ఇచ్చింది. 27 మందికి ఇచ్చారు. అప్పటికి ఆడటం మానేసిన పెద్దవాళ్లకు కూడా పాత విజయాలను బట్టి ఇచ్చారు. సుల్తాన్ ఖాన్ చేతిలో ఓడిన రూబిన్‌స్టైన్‌కు వచ్చింది, టార్టకోవర్‌కు వచ్చింది, ఫ్లోర్‌కు వచ్చింది. సర్గోధా దగ్గర బతికే ఉన్న సుల్తాన్ ఖాన్‌కు రాలేదు. ఆయన తరఫున అడిగేవాళ్లు లేరు. ఇండియా జట్టుకు ఆడలేదు కాబట్టి ఇండియా అడగలేదు, పాకిస్తాన్ పుట్టకముందే ఆట మానేశారు కాబట్టి పాకిస్తాన్ అడగలేదు, పరాయివాడు కాబట్టి ఇంగ్లాండ్ అడగలేదు.

చివరికి 2024 ఫిబ్రవరిలో ఫిడే అధ్యక్షుడు అర్కాడీ డ్వోర్కోవిచ్ పాకిస్తాన్ వెళ్లి, సుల్తాన్ ఖాన్‌కు గౌరవ గ్రాండ్‌మాస్టర్ బిరుదు ప్రకటించారు. ఆయన పోయిన 58 ఏళ్లకు. అలా పాకిస్తాన్‌కు మొదటి గ్రాండ్‌మాస్టర్ దొరికారు. అదే ఏడాది డిసెంబర్‌లో, చెన్నైలో స్థిరపడిన తెలుగు కుటుంబంలో పుట్టిన గుకేశ్ సింగపూర్‌లో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు, పద్దెనిమిదేళ్లకే.

సుల్తాన్ ఖాన్ ఆత్మకథ రాయలేదు. ఆయన గురించి మనకు తెలిసిందంతా వేరేవాళ్లు చెప్పిందే. విందుకెళ్లిన అమెరికన్లు చెప్పింది, పుస్తకం రాసిన ఇంగ్లీషువాళ్లు చెప్పింది, కుటుంబం చెప్పింది. ఆయన స్వయంగా చెప్పింది ఏదైనా ఉందంటే అది ఆటల్లోనే ఉంది. ఆ ఆటల్లో చాలా భద్రంగా ఉన్నాయి, ఎవరైనా చూడవచ్చు. ఇంట్లో బోర్డు ఉంటే ఈ ఆదివారం పిల్లలతో కూర్చుని హేస్టింగ్స్ 1930–31 ఆటను మొదటినుంచీ వేసి చూడండి. ఐదో ఎత్తులో ఆ చివరి బంటు ఒక్క గడి కదిలే దగ్గర కాసేపు ఆగండి. అక్కడ స్పాన్సర్ లేడు, దుబాసీ లేడు. ఆ ఎత్తు ఎవరిదని అడిగితే జవాబు ఒక్కటే పేరు.